రసీదు

శ్రీమతి హెల్గా థీసెన్ గారికి,
మీ క్రిస్మస్ పెట్టె మార్చి పదకొండున చేరింది.
ఆలస్యానికి మీరు కారణం కాదు, ఓడా కాదు.
దారెస్సలాం రేవులో ఒక సంతకం
జ్వరమొచ్చి ఇంటికెళ్ళి పడుకుందట.

నా పేరు సిచులా. ఎంపులుంగు మిషన్ గోదాములో గుమాస్తాని.
తాళంచెవులూ, ఎలుకల మందూ,
అచ్చువేసిన కృతజ్ఞతా పత్రాలూ నా అధీనం.
పత్రంలో ఖాళీలు మూడే:
మీ పేరు, వస్తువు పేరు, పిల్లవాడి పేరు.
మిగతా సంతోషమంతా ముందే అచ్చయి వస్తుంది.
ఈసారి వాటిని చెదలు తినేశాయి.
చేత్తో రాస్తున్నాను, ఓర్చుకోండి.

పెట్టెలో ఉన్నవి:
సబ్బులు నలభై. రంగు పెన్సిళ్ళు.
గుడ్డతో కుట్టిన మంచుమనిషి ఒకడు.
"ఈ తెల్లాయన ఏ సంఘం పాస్టరు?" అని పిల్లలు అడిగారు.
ఉన్ని చేతితొడుగులు ముప్ఫై ఒక్క జతలు,
ప్రతి దాని మీదా కొమ్ముల జింక.

ఇక్కడ మార్చి అంటే
చొక్కా వీపుకి అతుక్కుని ఊడిరాని నెల.
మీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే.
పోయినేడు జాబితాలో రేకులని రాశాను,
పడవ ఇంజనుకి ప్లగ్గులని రాశాను.
అది మీ సస్కాచెవాన్ చేరేసరికి
ఇసుక మీద ఆరబోసిన మా కపెంటా చేపల్లా
ఎండి చిక్కిపోయి
"పేద పిల్లలు" అని రెండు మాటలే మిగిలినట్టున్నాయి.

నర్సు నన్యాంగ్వే తొడుగులు చూసి
నవ్వలేక గోడ పట్టుకుని కూర్చుంది.
తర్వాత ఒకటి చెంపకి ఆనించుకుని చాలాసేపు ఊరుకుంది.

వారం రోజులు అవి అలమారాలో చలికాలం కోసం చూశాయి.
ఎనిమిదో రోజు సికాజ్వే వచ్చాడు.
రాత్రంతా టాంగన్యీకా మీద దీపాలు వెలిగించి
వలతాడు లాగేవాడు. అరచేతులు రెండూ
విప్పిన పుస్తకంలా చీలిపోయి ఉన్నాయి.
కట్టుగుడ్డ లేదు. నన్యాంగ్వే అటూ ఇటూ చూసి
మీ జింకల్ని తొడిగింది.

మర్నాడు ఏడుగురు వచ్చారు.
ఇప్పుడు చీకట్లో ఒడ్డున నిలబడితే
దీపాల కింద కనిపిస్తాయి,
మంచు తప్ప నీళ్ళెరగని జింకలు
మా వలలు లాగుతూ, ఒళ్ళంతా పొలుసులతో.
మీరు అనుకున్నది ఇది కాదు.
నేను అడిగిందీ ఇది కాదు.
మధ్యలో ఎవరో పని కానిచ్చారు.

అయినా రేకులు రేకులే.
పురిటిగది కప్పు ఇంకా కారుతోంది.
ఫిబ్రవరిలో ప్లగ్గు లేక మా పడవ
తెడ్లతో వెళ్ళింది, తొమ్మిది గంటలు.
తల్లి బతికింది.
క్రిస్మస్ కానుకకు జవాబులో ఇది రాయొచ్చో లేదో
నాకు తెలియదు.

ఒక తొడుగు వేలులో మీ చీటీ దొరికింది:
ఆయన పోయాక మూడేళ్ళకు
మళ్ళీ సూదులు పట్టుకున్నానని.
దాన్ని ఏ పిల్లవాడికీ ఇవ్వలేదు.
లెడ్జరులో మీ పేరున్న పేజీలో పెట్టాను.

నిన్న ఆదివారం సికాజ్వే
కానుకల పళ్ళెంలో ఒక మూట పెట్టాడు. ఎండుచేపలు.
"అల్లినావిడకి" అన్నాడు.
తపాలా ఖర్చు, కస్టమ్స్, చేపల మీద నిషేధం
అన్నీ విడమర్చి చెప్పాను.
అంతా విని, "అయితే ఎప్పుడు పంపుతావు?" అన్నాడు.

లెడ్జరులో ఎడమవైపు రాశాను: తొడుగులు, ముప్ఫై ఒక్కటి, వచ్చినవి.
కుడివైపు: చేపలు, ఒక మూట, పంపవలసినవి.
రాత్రి న్షిమాతో మేమే తిన్నాం, మీ పేరు చెప్పుకుని.
చేతులు కడుక్కోకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.
కావాలనే.

ఇట్లు,
సిచులా.

మరో మాట. డిసెంబరుకి మళ్ళీ అల్లితే
బొటనవేలు కాస్త పొడుగ్గా పెట్టండి, ఇక్కడి వేళ్ళు పెద్దవి.
ప్లగ్గు నంబరు వెనక పేజీలో ఉంది.